తారీఖు తల్లికి మంగళహారతి

కోర్టులో తారీఖు పడిందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ప్రసాదం పెడితే ఉప్పు చాల్లేదనే రకం వాళ్లు!

బాహాటంగానే అంటున్నాను. ఈ దేశంలో కోర్టులు మామూలు మనిషికి ఇచ్చినవాటన్నిటిలోకీ గొప్పది తీర్పు కాదు, తారీఖు. పుస్తకాల్లో దాన్ని వాయిదా అంటారు. మా రాయచూరులో మాత్రం నిజాం జమానా నుంచీ తారీఖే.

తీర్పుదేముంది? జీవితంలో ఒక్కసారి వస్తుంది. వచ్చి, ఇద్దరిలో ఒకరిని ఏడిపించి పోతుంది. తారీఖు అలా కాదు, మళ్లీ మళ్లీ వస్తుంది. గెలవాల్సినవాళ్లకూ అదే తారీఖు, ఓడాల్సినవాళ్లకూ అదే తారీఖు! ఇంతటి సమానత్వం ఇంకెక్కడుంది చెప్పండి?

నమ్మరా? అయితే హులిగెమ్మ సంగతి వినండి.

హులిగెమ్మది కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడే ఊరు. పేరు చెప్పను. అక్కడ పుట్టే కరెంటు బెంగళూరు దాకా పోతుంది, బూడిద మాత్రం మాతోనే ఉండిపోతుంది. మంచి బూడిద! దాంతో ఇటుకలు చేస్తారు. ఆ ఇటుకల ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా హులిగెమ్మ పని. వాళ్లది తెలుగిల్లు. సరుకులు కన్నడంలో కొంటుంది, మేస్త్రీతో ఉర్దూలో పోట్లాడుతుంది, కోపమొస్తే మాత్రం తెలుగే.

ఆమె కోపానికి కారణం నీళ్లు. ఊళ్లో నల్లా పైపు పెద్ద రోడ్డు పక్కన బుద్ధిగా వచ్చి వచ్చి, శరణబసవ గౌడ ఇంటి మలుపు దగ్గర అలిసిపోయి ఆగింది. అవతల హులిగెమ్మ వాళ్ల ఓణి. ఓణి అంటే సందు. ఆ సందులో ముప్పై ఇళ్ల ఆడవాళ్లు బిందెలతో రోడ్డు దాటి, బూడిద ట్యాంకర్లకు దారిచ్చి, నీళ్లు తెచ్చుకోవాలి.

"మనోళ్లు మెంబరైతే తప్ప ఈ పైపు మలుపు తిరగదు" అంటూ హులిగెమ్మ గ్రామ పంచాయతీ ఎన్నికల్లో నిలబడింది. ఎదురుగా శరణబసవ గౌడ.

ఓట్ల రోజున ఫ్యాక్టరీ ఓనరు సెలవివ్వలేదు. రొట్టె తినే గంటలోనే పోయి ఓటేసి రమ్మన్నాడు. ఆడవాళ్లు రొట్టె మానుకుని పరుగెత్తారు. చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడివి? చెంగుకు తుడుచుకున్నారు. చెంగు నిండా కూడా అదే బూడిద! గౌరవంగా ముద్ర వేశారు, జాగ్రత్తగా మడత పెట్టారు. ఆ మడతల మీద పదకొండు మంది బొటనవేళ్లు చక్కగా అచ్చుపడ్డాయి.

లెక్కింపు రోజున ఆఫీసరు ఆ పదకొండు చీటీలనూ పక్కన పడేశాడు. ఓటరును గుర్తుపట్టే మచ్చ ఏదైనా చీటీ మీద ఉంటే అది చెల్లదట. రూలు! గౌడ నాలుగు ఓట్లతో గెలిచాడు.

హులిగెమ్మ టేబులు మీద తన బొటనవేలు గుద్ది అడిగింది: "సారూ, ఇది ఎవరి వేలో జెర గుర్తుపట్టుండ్రి సూద్దాం. ఊరంత ఇదే రంగు!"

"నాతో ఏం లాభం? కోర్టుకు పోవమ్మా" అన్నాడు ఆఫీసరు.

ఆశీర్వాదాలు ఎవరి నోట ఎప్పుడొస్తాయో తెలియదు కదా!

అలా హులిగెమ్మ మా ఇంటికొచ్చింది. మా మేడ మీద స్ఫూర్తి అనే కుర్ర వకీలు అద్దెకుంటుంది. కేసుల కన్నా జాలి ఎక్కువున్న పిల్ల. ఫీజు మాటెత్తకుండా ఎన్నిక పిటిషను వేసింది. "పెద్ద కేసు కాదక్కా. పెట్టె తెరిచి ఆ పదకొండు చీటీలు చూస్తే అయిపోతుంది. ఒక్క పూట పని" అంది.

ఒక్క పూట పనే. కాకపోతే ఆ పూట రావడానికి ఐదేళ్లు పట్టింది. మెంబరు పదవి కూడా ఐదేళ్లే. ఏ కోర్టని మాత్రం అడక్కండి. నాకూ ఇల్లూ సంసారం ఉన్నాయి.

ఇక ఆ ఐదేళ్లలో హులిగెమ్మకు తారీఖు తల్లి చేసిన ఉపకారాలు చెబుతాను.

ముందుగా, సెలవు. పదహారేళ్లలో ఓట్లకు కూడా సెలవెరగని మనిషికి నెలన్నరకొకసారి సెలవు! ఆ రోజు కూలీ ఉండదన్నది నిజమే. కానీ సెలవు హోదా సెలవుదే కదా. పొద్దున్నే తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, బస్సెక్కి, కోర్టు వరండాలో కూర్చునేది. జవాను గుమ్మంలో నిలబడి "హులిగెమ్మా!" అని మూడుసార్లు కేకేసేవాడు.

"మా ఆయన పెండ్లిల గూడ నన్ను మూడుసార్లు పిల్వలే అక్కా" అని మురిసేది.

తర్వాత, చదువు. నేను మూడేళ్లు కాలేజీకి పోయి బీయే తెచ్చుకున్నాను. హులిగెమ్మ ఏ కాలేజీకీ పోకుండానే సమన్లు, జవాబు, కౌంటరు, మధ్యంతర అర్జీ, అన్నీ నేర్చుకుంది. మొదటి సమను ఎందుకు తిరిగొచ్చిందో తెలుసా? గౌడ ఇంట్లో లేడని! సమను తెచ్చినాయనే ఆ ఇంట్లో జొన్నరొట్టె, పుండికూర తిని, "ఇంట్లో లేరు" అని రాసుకుపోయాడు. రెండోదానికి అడ్రసు చాల్లేదన్నారు. ఊళ్లో నల్లా పైపు ఎక్కడాగిందో అక్కడే ఆయన ఇల్లు. ఇంకేం అడ్రసు కావాలి? అయినా మూడో సమను దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత కరోనా. ఆ తర్వాత జడ్జిగారికి బదిలీ. కొత్త జడ్జిగారు ఫైలు మొదట్నుంచి చదివి, సరిగ్గా చివరి పేజీకి వచ్చేసరికి ఆయనకూ బదిలీ. ఒకసారి గౌడ వకీలుకు నడుం పట్టేసింది. ఒకసారి ఓట్ల పెట్టె ఉన్న గది తాళంచెవి దొరకలేదు. తాళంచెవి ఉన్న ఆఫీసరు ఇంకో ఎన్నిక డ్యూటీకి పోయాడు. ఒక ఎన్నిక న్యాయంగా జరిగిందా లేదా తేల్చడానికి ఇంకో ఎన్నిక అడ్డొచ్చిందంటే, మన ప్రజాస్వామ్యం ఎంత బిజీగా ఉందో చూడండి!

వకీళ్లు కోర్టు బహిష్కరించినప్పుడు మాత్రం హులిగెమ్మకు కొంచెం తికమక. "వాళ్లు పని బంద్ చేసిన్రంటే ఇన్నొద్దులు చేస్తుండిరన్నట్టేనా అక్కా?" అని అమాయకంగా అడిగింది. స్ఫూర్తి ఆ రోజు కిందికి దిగలేదు.

ఇంక స్నేహం గురించి. కోర్టు కేసులు పగలు పెంచుతాయంటారు. శుద్ధ అబద్ధం! తారీఖు అడిగినప్పుడల్లా దొరుకుతుంటే పగ ఎందుకు? గౌడ జీపులో వచ్చేవాడు. తారీఖు పడగానే ఆయన ముఖం పున్నమి చంద్రుడే.

"ఏమ్మా హులిగెమ్మా, మండక్కి మిర్చి తిను. ఉత్తకడుపుతో పోతవా ఏంది?" అని బొరుగులూ మిరపకాయ బజ్జీల పొట్లం చేతికిచ్చేవాడు.

"తింటగని గౌడా, నల్లా ఏమాయె?"

"కేసు కోర్టుల ఉన్నది గద! ఇప్పుడు ఆ ఓణి పని నేను ముట్టుకుంటే, హులిగెమ్మకు భయపడి చేసిండంటరు. కోర్టుకు మర్యాద ఇయ్యాలె."

ఇంత మర్యాదస్తుణ్ణి నేను చూడలేదు! కోర్టు మీద గౌరవంతో ఆయన ఐదేళ్లూ ఆ ఓణి వైపు కాలు పెట్టలేదు.

తారీఖు మహిమ నా ఇంటికీ పాకింది. మా వంటింటి క్యాలెండర్లో పాలు రాని రోజులు, సిలిండరు మార్చిన రోజులు, వాటి పక్కన హులిగెమ్మ తారీఖులు రాసేదాన్ని. అరచేతి మీద రాయించుకుంటే ఫ్యాక్టరీలో మూడోనాటికి చెరిగిపోతోందని ఆమే నా క్యాలెండరు కోరింది. రోజూ వాటిని చూసి చూసి నాకూ జ్ఞానం కలిగింది. మా ఆయన జయతీర్థ బొబ్బట్ల మీద మనసుపడి "ఓళిగలు ఎప్పుడు చేస్తావు?" అంటే, "ఫైలు పరిశీలనలో ఉంది, వచ్చే నెల పదికి రండి" అంటాను. పదో తారీఖున "పప్పు హాజరు కాలేదు" అంటాను. మా కాపురం ఎంత ప్రశాంతంగా ఉందో! ఓళిగలు చేసేస్తే ఆయనకు ఎదురుచూడటానికి ఏముంటుంది?

అన్నట్టు, అసలు ఉపకారం అదే. ఆశ! తీర్పొస్తే ఆశ తీరుతుంది, లేదా చస్తుంది. తారీఖు మాత్రం దాన్ని పచ్చడిలా ఏళ్ల తరబడి నిలవుంచుతుంది.

నాలుగో ఏట కేసు మంచి రసపట్టులో పడింది. గౌడ వకీలు లేచి, "చీటీల మీద ఉన్నది బూడిదే అని నమ్మకమేంటి? ల్యాబుకు పంపి తేల్చాలి" అని అర్జీ పెట్టాడు.

రాయచూరు జిల్లాలో బూడిదను గుర్తుపట్టడానికి ల్యాబు! మా పెరుగు మీద మీగడ కన్నా ముందు కట్టేది అదే. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగో అడిగితే చిన్నపిల్లలు చెబుతారు.

హులిగెమ్మ ఉండబట్టలేక వరండా బెంచీ మీద వేలు రాసి ఆ వకీలుకు చూపించింది. "వకీలు సాబ్, ల్యాబు ఈడనే ఉన్నది."

ఆ అర్జీ మీద వాదనలకే ఎనిమిది నెలలు పట్టింది. ల్యాబు అక్కర్లేదని తేలింది. ఎంత నాణ్యమైన ఎనిమిది నెలలు!

ఆ ఎనిమిది నెలల్లోనే ఒకరోజు హులిగెమ్మ పక్కింటి రంగవ్వ నీళ్లు తెస్తూ, ట్యాంకరుకు దారివ్వబోయి, బిందెతో సహా మోరీలో పడింది. మణికట్టు విరిగింది. ఆ వారం తారీఖుకు వచ్చిన హులిగెమ్మ మా మెట్ల మీద కూర్చుని చాయ్ తాగలేదు. గ్లాసు పట్టుకుని చల్లారనిచ్చింది.

"ఓణిల అందరు నన్నే సూస్తరు అక్కా. నిలబడితివి, కోర్టుకెక్కితివి, ఏమైతున్నదని. తారీఖు పడ్డదంటే ఎవరు నమ్ముతరు? పడ్డది రంగవ్వ గద!"

ఇలాంటి చిన్న చిన్న విషయాలు పట్టించుకుంటే మంగళహారతి పాడలేం. ముందుకు పోదాం.

మూడో జడ్జిగారూ బదిలీ అయి, నాలుగో జడ్జిగారు వచ్చారు. కొత్తమనిషి, పద్ధతులు తెలియవు పాపం, తారీఖు ఇవ్వకుండా పెట్టె తెప్పించారు! ఫైలు తెరవబోయి, అట్ట మీద చెయ్యి పెట్టి, తీసి, వేళ్లు చూసుకున్నారు. ఐదేళ్లు బీరువాలో ఉన్న ఫైలు మరి. జేబులోంచి రుమాలు తీసి తుడుచుకుని, గౌడ వకీలును అడిగారు.

"ఇప్పుడు ఈ అట్ట మీద నా వేలిముద్ర ఉంది. దాని పక్కన గుమాస్తాది ఉంది. మీదీ ఉంది. ఏది ఎవరిదో చెప్పగలరా?"

వకీలు తారీఖు అడిగాడు. అలవాటు!

పదకొండు చీటీలూ బల్ల మీద పరిచారు. ఈ ప్రాంతంలో బూడిద మచ్చ మనిషిని పట్టిచ్చేది కాదు, ఊరిని పట్టిచ్చేది, కాబట్టి ఓట్లు చెల్లుతాయి అన్నారు. తొమ్మిది హులిగెమ్మవి. రెండు గౌడవి. కూడి తీస్తే హులిగెమ్మ మూడు ఓట్లతో గెలిచినట్టు!

ఆ మాట విని ఆమె ఎగిరి గంతేసిందనుకున్నారా? లేదు. మెడ చాచి ఆ రెండు చీటీల వైపు చూసింది.

"అండ్ల ఒకటి రంగవ్వదే! ఆ సొట్ట వేలు నాకు తెల్వదా?" అంది, కోర్టంతా వినబడేలా.

ఐదేళ్లు 'ఈ వేలు ఎవరిదో ఎవరూ గుర్తుపట్టలేరు' అని వాదించిన స్ఫూర్తి, తన క్లయింటు నోటిని రెండు చేతులతో మూసింది. జడ్జిగారికి ఆ క్షణంలోనే దగ్గు రావడం హులిగెమ్మ అదృష్టం.

తీర్పు కాపీ చేతికొచ్చింది. ఈ ఐదేళ్లూ న్యాయంగా మెంబరు హులిగెమ్మే అని అందులో స్పష్టంగా ఉంది. పంచాయతీ కాలం ముగిసి అప్పటికి పన్నెండు రోజులు.

ఇంటికొచ్చి ఆమె నన్నడిగింది: "అంటే ఐదేండ్లు నేను మెంబరు ఉంటినా అక్కా?"

"ఉంటివి."

"నాకెవరు చెప్పలే సూడు!"

వార్త ఆమె కన్నా ముందు ఊరు చేరింది. సాయంత్రం ఓణిలో అడుగుపెట్టేసరికి రంగవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమే హులిగీ, ఐదేండ్లు నువ్వే మెంబరంట గద? కోర్టే చెప్పిందంట. మరి నల్లా ఎందుకు ఏపియ్యలే?"

నవ్వకండి. మూడు నెలల్లో కొత్త ఎన్నికలొచ్చాయి. శరణబసవ గౌడ ఇల్లిల్లూ తిరిగి అదే మాటన్నాడు. ఇన్నాళ్లూ తీర్పును ఆపిన పెద్దమనిషి, తీర్పు కాపీని జిరాక్సు తీయించి పంచాడు! "సూడుండ్రి, కోర్టు ఆర్డరు. ఐదేండ్లు అసలు మెంబరు ఈమె. ఒక్క పని చేసిందా? ఓణిల నల్లా ఏది?"

గౌడ కూర్చున్న ఐదేళ్ల కుర్చీ ఆమెకు రాలేదు గానీ, ఆ ఐదేళ్ల నింద మొత్తం ఆమెకే వచ్చింది. అందుకే అంటాను, ఆలస్యంగానైనా ఎవరికి రావాల్సింది వాళ్లకు వచ్చి తీరుతుందని!

హులిగెమ్మ ఊరుకుందా? ఓణి మధ్యలో నిలబడి కొంగు బిగించింది.

"అవును. నేనే మెంబరు. ఐదేండ్లు ఒక్క పని చెయ్యలే. తప్పే. శిక్ష ఏయుండ్రి. ఇంకో ఐదేండ్లు ఏయుండ్రి!"

రంగవ్వే ముందు నవ్విందట.

ఈసారి హులిగెమ్మ బూడిదను నమ్ముకోలేదు. ఓట్ల రోజు పొద్దున్నే రోడ్డు దాటి నాలుగు బిందెలు మోసుకొచ్చి, ఫ్యాక్టరీ గేటు ముందు దించి, పక్కన సబ్బుబిళ్ల పెట్టింది. ఆడవాళ్లు చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, పెళ్లికి పోతున్నట్టు పోయి ఓటేశారు. ఒక్క చీటీ చెల్లకుండా పోలేదు. హులిగెమ్మ పందొమ్మిది ఓట్లతో గెలిచింది!

నాలుగో వారంలో గౌడ కోర్టుకెక్కాడు. ఓటర్లను ప్రలోభపెట్టిందని పిటిషను. దేనితో? నీళ్లతో! నల్లా లేని ఓణి ఆడవాళ్లకు ఓట్ల రోజున బిందెడు నీళ్లివ్వడం లంచమేనట. ఆలోచిస్తే అంతా అబద్ధమనీ అనలేం. ఆ ఓణిలో నీళ్ల కన్నా విలువైనది ఇంకేముంది?

స్ఫూర్తి కాగితాలు చదివి నవ్వు ఆపుకోలేకపోయింది. "హులిగెమ్మక్కా, ఇప్పుడు ఆట తిరగబడింది. కుర్చీ నీది, కేసు ఆయనది. మనం కంగారు పడక్కర్లేదు. సమను వస్తే ఇంట్లో లేవు. రెండోసారి అడ్రసు చాలదు. ఇంక నాకూ నడుం నొప్పి రాకపోదు. ఐదేళ్లు హాయిగా కూర్చో."

నాకెంత సంతోషమో! నా సిద్ధాంతం గెలిచింది! తారీఖు తల్లి చివరికి హులిగెమ్మ ఒడిలోనే వాలింది. క్యాలెండరు తెచ్చి పెన్ను మూత తీశాను.

హులిగెమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వద్దు పాపా. నేను ఇంట్లనే ఉంటనని రాయి. మొదటి పిలుపుకే పోత. తొందరగ తేల్చమని అడుగు."

"ఎందుకక్కా? పదవి నీ చేతిలోనే ఉంది కదా!"

"నా చేతులనే ఉంటది గని, రేపు పైపు తవ్విపియ్యాలె. కేసు తేలకుంటే ఎవరు సంతకం పెడతరు? ఆఫీసుల పోయి అడిగితే 'కోర్టుల ఉన్నది గద, ఆగమ్మా' అంటున్రు. నేను గెలిచిననా, తెగ చెప్పుండ్రి. గౌడ గెలిచిండా, ఆయనకే ఇయ్యుండ్రి, ఆయన గల్ల పట్టి ఏపిచ్చుకుంట. మెంబరు ఎవరో తేలకుంట నీళ్లు ఎట్లొస్తయి?"

స్ఫూర్తి నవ్వు ఆపి కాగితాలు సర్దుకుంది. తర్వాత పైకి పోయి, ఈ పిటిషను రోజువారీగా విచారించి తొందరగా తేల్చాలని, ప్రతివాది సిద్ధంగా ఉందని అర్జీ రాసింది. గెలిచి కుర్చీలో ఉన్న మనిషి తొందర పడటం కోర్టు గుమాస్తా తన సర్వీసులో చూడలేదట, అర్జీని రెండుసార్లు చదువుకున్నాడు.

నిన్న అది బెంచీ మీదికి వచ్చింది. నాలుగో జడ్జిగారికి ఈలోగా బదిలీ అయింది లెండి. గౌడ వకీలు లేచి, తొందరగా విచారించాలన్న ఈ అర్జీకి జవాబు వేయడానికి కొంత సమయం కావాలన్నాడు.

ఇచ్చారు. మూడు నెలలు.

సాయంత్రం క్యాలెండరు ముందు నిలబడితే, ఆ తారీఖు ఈ ఏడాదిలోనే లేదు. కొత్త క్యాలెండరు ఇంకా రాలేదు. గోడ మీదే రాశాను.

తారీఖు వరమని ఇంత దూరం వాదించుకొచ్చినదాన్ని, ఇప్పుడు కాదనలేను. ఒక్క సవరణ మాత్రం చేసుకుంటాను. మామూలు వరాలు అడిగితే ఇస్తారు. ఇది, వద్దని అర్జీ పెట్టుకున్నా ఇస్తారు.